జిలూతె

ఆదివారం ఆరాధన అయిపోయింది. రొట్టె ముక్కలు చేతుల్లో పెట్టుకుని జనం గుమ్మం వైపు తిరగబోతుంటే కొత్త అయ్యగారు గొంతు సవరించుకున్నారు.

"ఒక్క నిమిషం ఆగండి. మన వైద్య సోదరుల పండగకి ఈసారి బిషప్ గారు వస్తున్నారు."

గుసగుసలు లేచాయి. కొస్మాస్, దమియానోస్ అన్న ఆ ఇద్దరు పునీతులు వైద్యం చేసి చేతులు కడుక్కుని వెళ్ళిపోయేవాళ్ళే తప్ప ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదని ద్వీపమంతా చెప్పుకుంటుంది. అందుకేనేమో పెద్దపెద్దవాళ్ళు ఎవరూ వాళ్ళ చర్చి గడప తొక్కరు. బిషప్ రావడమంటే మాటలు కాదు.

"రొట్టెలు ఎప్పట్లాగే థెమెలీనా గారివి" అన్నారు అయ్యగారు. థెమెలీనా తల కాస్త ఎత్తింది. రొట్టెల తర్వాత రావలసిన మాట కోసం చూసింది. "పౌలు పత్రిక మాత్రం ఈసారి అరెతీ చదువుతుంది."

అరెతీ అంటే అయ్యగారి భార్య. తెస్సలోనికిలో పెద్ద చదువు చదివిందట. ఈస్టరు ముందు మొగుడితోపాటు పడవ దిగినప్పుడు ఒక పెట్టె బట్టలు, మూడు పెట్టెల పుస్తకాలు దిగాయని రేవులో వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. వచ్చిన కొత్తలో వెనక వరసలో నిలబడి సన్నగా పాడేది. తర్వాత ముందు వరసలోకి వచ్చింది. ఏకులా వచ్చి మేకులా తగులుకోవడమంటే ఇదే అనుకుంది థెమెలీనా.

కానీ మొహం మాత్రం నవ్వింది. నవ్వకపోతే ఎలా? చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరి కళ్ళూ ఆ మొహం మీదే ఉన్నాయి.

"మంచిదే కదా. చక్కటి గొంతు పాపం, అమ్మగారిది" అంది పైకే.

ఆ 'పాపం' ఎవరికో ఎవరికీ అర్థం కాలేదు.

పండగనాడు చదివేది పౌలు కొరింథు వాళ్ళకి రాసిన ఉత్తరంలో ఒక భాగం. దాన్ని ఊరికే చదివేసి కూర్చుంటే కుదరదు. అడుగు గొంతుతో మొదలుపెట్టి, మెట్టుమెట్టుగా ఎక్కి, ఆఖరి మాటని గోపురానికి తగిలేలా వదలాలి. థెమెలీనా తండ్రి మికేస్ ఆ మాట వదిలితే కొండ మీద మేకలు తల తిప్పి చూసేవని చెప్పుకునేవారు. ఆయన పోయిన ఏడు చదవడానికి మగవాళ్ళెవరూ ముందుకు రాకపోతే కూతురు పుస్తకం అందుకుంది. ఆ తర్వాత ఆ పుస్తకాన్ని ఇంకెవరూ అడగలేదు, ఆవిడా ఇవ్వలేదు.

బయట రాతి అరుగు మీద ముసలి అనెజీనా కర్ర ఆనించుకుని కూర్చుని ఉంది. థెమెలీనా కోసమే కూర్చుందనడంలో సందేహం లేదు.

"ఏమే పిల్లా, ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములే వాడి అయ్యాయా?"

"నాకేం అత్తా, హాయి. ఈ ఏడైనా గొంతుకి విశ్రాంతి."

"హాయేలే. మరి జిలూతె దగ్గర ఈసారి కళ్ళెత్తేది ఆ పిల్ల కదే! ఎవరి మీద పడతాయో ఆ కళ్ళు." అనెజీనా పళ్ళు లేని నోరు తెరిచి నవ్వింది. "నా మీద రెండుసార్లు పడేశావు నువ్వు. వెల్లుల్లి కంపు వారం రోజులు వదల్లేదు."

ఆ సంగతి ఇదీ. ఆ చదివే భాగం మొదట్లోనే జిలూతె అన్న పాత గ్రీకు మాట ఒకటి వస్తుంది. బావి దగ్గరా, రేవులో, కాఫీ కొట్లో అందరూ రోజూ అనే జిలేవో అన్న మాటకి అది ముత్తాత. జిలేవో అంటే కుళ్ళుకుంటున్నానని. అందుకని ఆ ఊరి చెవికి ఆ లేఖనం ఎప్పుడూ 'కుళ్ళుకోండి' అన్నట్టే వినబడింది. ఎవరు మొదలుపెట్టారో గాని, ఆ మాట దగ్గర చదివేవాళ్ళు పుస్తకంలోంచి కళ్ళెత్తుతారు. ఆ కళ్ళు ఎవరి మీద పడితే వాళ్ళు ఆ ఏటికి ఊరి కుళ్ళుబోతు. ఆరాధన అయ్యాక చదివినవాళ్ళే తమ చేత్తో వాళ్ళ మెడలో వెల్లుల్లి దండ వేస్తారు. దండ వేసుకున్నవాళ్ళు బల్లలన్నిటి దగ్గరికీ తిరిగి రొట్టె పంచాలి. దాంతో ఏడాదికి సరిపడా కుళ్ళు వదిలిపోతుందని పెద్దల మాట. వదిలినవాళ్ళని ఎవరూ చూడలేదు గాని, నవ్వుకోవడం మాత్రం అందరూ నవ్వుకున్నారు.

ఇన్నేళ్ళూ ఆ కళ్ళు థెమెలీనావి. ఎవరి మీద వెయ్యాలో పండగకి నెల ముందునుంచే ఆలోచించుకునేది. తన రొట్టె కన్నా పై ఊరి రొట్టె మెత్తగా ఉందన్న పాపానికే అనెజీనాకి ఒకసారి దండ పడింది.

ఇంటికొచ్చి థెమెలీనా పిండి తొట్టి ముందు కూర్చుంది. మర్నాటి ఊరి రొట్టెలకి పిండి కలపాలి. పులిసిన ముద్దని నీళ్ళలో కరిగించి, పిండి పోసి, రెండు పిడికిళ్ళూ దించింది. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు, అయ్యగారి మీద కోపమంతా ఆ ముద్ద మీదే పడింది. తొట్టి కింద బల్ల కిర్రుమంది.

వల బాగుచేసుకుంటున్న మొగుడు పొథితోస్ తలెత్తాడు. "దాన్ని చంపేస్తావా ఏం?"

"నాతో ముందు ఒక మాట చెప్పొచ్చుగా! ఇంటికొచ్చి, 'అమ్మా, ఈసారి ఇలా అనుకుంటున్నాం' అంటే నేను కాదంటానా?"

"అంటావు."

"అంటే అంటాను. అది వేరే సంగతి." ముద్దని తిరగేసి బల్ల మీద కొట్టింది. "రొట్టెలు మాత్రం నావి. పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదే. చేతులు కావాలి, గొంతు అక్కర్లేదు."

"బిషప్ ముందు పెళ్ళాన్ని నిలబెట్టుకోవాలని ఉండదా మనిషికి? కుర్రాడు."

"నీకెప్పుడైనా అనిపించిందా నన్ను నిలబెట్టాలని?"

పొథితోస్ దారాన్ని పళ్ళతో కొరికి తెంపాడు. ఆ ప్రశ్నకి ఏం చెప్పినా తప్పేనని అతనికి తెలుసు. "నువ్వెప్పుడూ నిలబడే ఉన్నావుగా" అని మాత్రం గొణిగాడు.

ఆ రోజంతా థెమెలీనాకి కడుపులో మంట. అది ఆకలి మంట కాదని, పుల్లటి మజ్జిగ మంట కాదని ఆవిడకి బాగా తెలుసు. దానికి ఊళ్ళో పేరుంది. ఆ పేరుతో ఎంతమందికి దండలు వేసిందో కూడా తెలుసు.

మంగళవారం పొయ్యిలో కట్టెలు కణకణలాడుతుండగా అరెతీ వచ్చింది. చేతిలో పత్రికల పుస్తకం, నడుముకి ఎవరిదో అరువు తెచ్చుకున్న వంట గుడ్డ.

"లోపలికి రావచ్చా అక్కా?"

"రండి అమ్మగారూ. ఇల్లంతా పిండి, మీ బట్టలు పాడవుతాయేమో."

"పాడవనివ్వండి. రేవు మీదుగా వచ్చాను, కాఫీ కొట్టు సకెల్లారిస్ గారు కాఫీ తాగిస్తే గాని వదల్లేదు. ఈ ఊరి కబుర్లు ఎన్ని చెప్పారో." చేతులు కడుక్కుని అడక్కుండానే పిండి ముద్ద ఒకటి ముందుకు లాక్కుంది. వేళ్ళు సన్నగా, గోళ్ళు శుభ్రంగా ఉన్నాయి. కానీ పిండి పట్టే తీరు తెలుసు. అది థెమెలీనాకి అసలు నచ్చలేదు. చేతకాకపోయినా బాగుండేది.

"మా ఆయన మీతో ముందు చెప్పకుండా అందరి ముందూ అనేశాడు. ఇంటికెళ్ళాక తిట్టాను" అంది అరెతీ.

"అయ్యో, దానికేముంది."

"నేను వద్దన్నాను. బిషప్ గారికి నా పేరు రాసేశాడట. ఇక చదవక తప్పదు. చదివితే మాత్రం మీ నాన్నగారి వరసలోనే చదవాలి. అందుకే వచ్చాను."

థెమెలీనా రొట్టె ముద్ర అందుకుని, నూనె గుడ్డతో తుడిచింది. నాన్న వరస! చదవడం లాక్కున్నది చాలక ఇప్పుడు వరస కూడా మూట కట్టుకుపోతుందన్నమాట. కానీ అడిగినవాళ్ళని వెళ్ళగొట్టడం ఆ ఇంట్లో లేదు. రొట్టె మీద ముద్ర నొక్కి, ఎత్తి, మొదటి వాక్యం అందుకుంది. అరెతీ వెంటనే అందుకుంది. రెండోసారికి వరస పట్టేసింది. మూడోసారి ఆ సన్నటి గొంతు థెమెలీనా తండ్రి ఎక్కిన మెట్లన్నీ ఎక్కి, మధ్యలో ఎక్కడో ఆయన కూడా వెయ్యని ఒక చిన్న విరుపు వేసింది. పొయ్యిలో కట్టె పేలింది. థెమెలీనా ముంజేతి మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. దేవుడా, దీని గొంతులో పుండు పుట్టకూడదా అనుకుంది. అనుకున్న వెంటనే భయపడి శిలువ గుర్తు వేసుకుంది.

"ఒక సందేహం అక్కా. జిలూతె దగ్గర గొంతు ఎలా ఉంచుతారు? ఎత్తిపొడిచినట్టా, పిలిచినట్టా?"

"అదేం ప్రశ్న? కుళ్ళుకోండి అనే కదా ఉంది."

అరెతీ నవ్వింది. వెక్కిరింపు కాదు, ఇష్టమైన తిండి ఎదురుగా పెడితే వచ్చే నవ్వు. "ఆ మాట చాలా చిత్రమైంది. దాని అడుగున ఉన్నది మరగడం అంటారు. గిన్నెలో పాలు మరిగినట్టు. యోసేపుని చూసి అన్నలు మరిగారు చూడండి, అక్కడా ఇదే మాట. వాళ్ళది కుళ్ళు. పౌలే ఇంకోచోట, పెళ్ళికూతుర్ని కాపలా కాసే తండ్రిలా మీ కోసం మరుగుతున్నాను అంటాడు. అదీ ఇదే మాట. అక్కడ కుళ్ళు కాదు, ప్రాణం పెట్టడం. ఎదుటివాడికి ఉందే అని మరిగితే ఒకటి, నేనూ అలా కావాలి అని మరిగితే ఇంకొకటి. మంట ఒకటే."

"మరి ఇక్కడ ఏది?"

"అదే గొడవ! ఇక్కడ దాని రూపం కూడా రెండు వైపులా పదును. 'మీరు గొప్ప వరాల కోసం మరిగిపోతున్నారు' అని ఎత్తిపొడిచినా జిలూతె. 'గొప్ప వరాల కోసం మరగండి' అని పిలిచినా జిలూతె. అక్షరం తేడా లేదు. చదువుకున్నవాళ్ళు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు."

థెమెలీనా ముద్రని మళ్ళీ తుడిచింది. ఇన్నేళ్ళు తన నోట్లో నానిన మాట. పండగ వారమంతా అన్నంలోనూ నిద్రలోనూ అన్న మాట. దానికి ఇన్ని గదులున్నాయని తనకెవరూ చెప్పలేదు. ఇప్పుడు ఎక్కడినుంచో వచ్చిన పిల్ల, తన ఇంట్లో కూర్చుని, తన పెట్టె తనకే తెరిచి చూపిస్తోంది. గొంతు పోతే పోయింది, ఈ తెలివి కూడానా! 

"నాకైతే మీ మీద ఎంత జిలేవోనో" అంది అరెతీ తల వంచుకుని పిండి గుండ్రంగా చేస్తూ. "గుడ్ ఫ్రైడే నాడు మీరు పాడుతుంటే విన్నాను. పుస్తకాల్లోంచి నేర్చుకుంటే అది రాదు."

థెమెలీనా అలవాటు కొద్దీ దిష్టి తగలకుండా మూడుసార్లు థూథూ అంది. ఆ పొగడ్త లోపలికి దిగలేదు. గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళకి విదిల్చే ముక్కలా అనిపించింది.

"ఈ చివర నాకు ఊపిరి అందడం లేదు" అంది అరెతీ. "ప్రేమ ఇలాంటిది కాదు, అలాంటిది కాదు అంటూ వచ్చే ఆ 'కాదు, కాదు' వరసంతా ఒకే గుక్కలో పోవాలి కదా. మీరు ఎక్కడ తీసుకుంటారు?"

ఎక్కడ తీసుకోవాలో మికేస్ తన కూతురికి ఒక్కదానికే చెప్పాడు. ప్రేమ ఎలాంటిదో చెప్పే వరసలో, ఊ జిలీ అన్న చోట. అంటే, ప్రేమ కుళ్ళుకోదు అన్న చోట. జిలూతె దగ్గర లేచిన నవ్వులు అప్పటికి ఇంకా సద్దుమణగవు, ఆ సందట్లో గుండెల నిండా పీల్చుకుంటే ఎవరికీ వినబడదు. ఆ ఊపిరి ఆఖరి మాట దాకా వస్తుంది.

"దానికేముంది, అదే వస్తుంది" అంది థెమెలీనా.

అరెతీ తలూపింది. చేతుల పిండి దులుపుకుంటూ లేచింది. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. "ఈ ఊళ్ళో చదివేటప్పుడు పాటించే ఆనవాయితీలు ఏమైనా ఉన్నాయా అక్కా?"

థెమెలీనా చేతిలోని ముద్రని గట్టిగా పట్టుకుంది. ఆ అబద్ధం ఎక్కడినుంచి వచ్చిందో ఆవిడకే తెలియదు. ముందే కలిపి పెట్టుకున్న పిండిలా సిద్ధంగా ఉంది.

"ఒకటుంది. జిలూతె అన్నప్పుడు కళ్ళెత్తి, మీకు ఎవరి మీద ఎక్కువ గౌరవమో వాళ్ళ వైపు చూడాలి. బాగా చూడాలి. ఊళ్ళో అందరూ దానికోసమే కాచుకుని ఉంటారు."

అరెతీ ఆవిడ మొహంలోకి చూసింది. చూడవలసిన దానికన్నా కాస్త ఎక్కువసేపే చూసింది. "సరే అక్కా" అని వెళ్ళిపోయింది.

గౌరవమంటే ఇంకెవరు? ఎదురుగా సింహాసనం మీద బిషప్ గారు. లేకపోతే బలిపీఠం ముందు మొగుడు. బిషప్ మెడలో వెల్లుల్లి దండ! లేదా పెళ్ళాం నోటితోనే కుళ్ళుబోతు అనిపించుకున్న అయ్యగారు. ఊరు ఊరంతా కడుపు చెక్కలయ్యేలా నవ్వుతుంది. థెమెలీనా పొయ్యి ముందు కూర్చుని ఒక్కతే నవ్వుకుంది. ఆ మధ్యాహ్నం రొట్టెలు కాస్త మాడాయి.

బుధవారం ఆవిడ రెండుసార్లు అయ్యగారింటి వైపు బయల్దేరింది. ఒకసారి ఈస్ట్ అడగాలని, ఒకసారి గిన్నె తిరిగి ఇవ్వాలని. రెండుసార్లూ సందు మలుపు దాకా వెళ్ళింది. కిటికీలోంచి అరెతీ గొంతు వినబడుతోంది. 'కాదు, కాదు' అన్న వరసలోకి వచ్చి, ఊపిరి చాలక, ఆఖరి మాట దగ్గర తెగిపోతోంది. మళ్ళీ మొదటినుంచి. మళ్ళీ తెగిపోవడం. వినలేక థెమెలీనా అడుగు ముందుకు వేసింది. లోపలినుంచి అయ్యగారు "బ్రహ్మాండం" అన్నారు. అంతే, వేసిన అడుగు వెనక్కి వచ్చేసింది.

"ఎవరో చచ్చినట్టున్నావేం?" అన్నాడు పొథితోస్ భోజనం దగ్గర.

"పండగ రొట్టెలంటే మాటలా? పిండి కొద్దీ రొట్టె. మనసు పెట్టాలి."

"మనసు పెట్టే మాడ్చావా నిన్న?"

ఆవిడ అతని కంచంలో ఇంకో చేప పడేసింది. నోరు మూసుకోమనడానికి ఆ ఇంట్లో అదే పద్ధతి.

పండగనాడు ఐదు రొట్టెలు బల్ల మీద వరసగా పెట్టాక థెమెలీనా ఆడవాళ్ళ వైపు వచ్చి స్తంభం పక్కన నిలబడింది. రొట్టెల్లో వేసిన మాస్తిక్ బంక వాసన, కొవ్వొత్తుల వాసన, కొత్త బట్టల వాసన. బిషప్ తెల్లటి గడ్డంతో సింహాసనంలో ఉన్నారు. ఇన్నేళ్ళుగా ఈ వేళకి తను మధ్యలో, పుస్తకపు బల్ల వెనక, జనం వైపు తిరిగి ఉండేది. ఇక్కడినుంచి చూస్తే చర్చి ఇంత చిన్నదా అనిపించింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పండగనాడు ఎప్పుడూ ఆ చేతుల్లో పుస్తకం ఉండేది.

అరెతీ వచ్చి నిలబడింది. నీలం రంగు బట్టలు, తలకి తెల్ల గుడ్డ. అడుగు గొంతుతో మొదలుపెట్టింది. మికేస్ వరస. అనెజీనా పక్కనున్న ఆమెని మోచేత్తో పొడిచింది. "ముసలాడు లేచొచ్చాడే" అని గుసగుసలాడింది. థెమెలీనాకి ఆ మాట శూలంలా దిగింది. తను చదివినప్పుడు ఈ మాట ఎవరూ అనలేదు.

జిలూతె దగ్గర పడుతోంది. అటు మగవాళ్ళు సర్దుకున్నారు. సకెల్లారిస్ మీసం కింద నవ్వు దాచుకుంటున్నాడు. థెమెలీనా బిషప్ మొహం వైపు చూస్తూ ఊపిరి బిగబట్టింది.

అరెతీ ఆ మాట అంది. ఎత్తిపొడిచినట్టూ లేదు, పిలిచినట్టూ లేదు. రెండిటి మధ్యా సన్నటి గోడ మీద నడిచినట్టు అంది. అని, కళ్ళెత్తింది.

ఆ కళ్ళు సింహాసనం మీదకి వెళ్ళలేదు. బలిపీఠం వైపు తిరగలేదు. ఆడవాళ్ళ వైపు వచ్చి, అనెజీనాని దాటి, స్తంభం పక్కన ఆగిపోయాయి.

తీసిన గోతిలో తనే పడటమంటే ఏమిటో థెమెలీనాకి ఆ క్షణాన తెలిసింది.  అనెజీనా 'కిచ్' మని నవ్వింది. ఆ నవ్వు వరస వెంట పాకి, మగవాళ్ళలోకి దూకి, చర్చి మొత్తం గొల్లుమంది. పొథితోస్ కూడా నవ్వాడు, దుర్మార్గుడు. ఏం జరిగిందో తెలియని బిషప్ అందరి మొహాలూ చూసి, బాగుండదని తానూ చిరునవ్వు నవ్వారు.

అరెతీ ఒక్కతే నవ్వలేదు. చూపు కూడా తిప్పలేదు. పుస్తకం చూడకుండా, థెమెలీనానే చూస్తూ, చదువుతూ పోయింది. దేవదూతల భాషలు వచ్చినా ప్రేమ లేకపోతే మోగే కంచుముక్క. కొండల్ని కదిల్చే నమ్మకం ఉన్నా ప్రేమ లేకపోతే సున్నా. థెమెలీనాకి చెవుల్లో రక్తం హోరెత్తుతోంది. బయటికి పారిపోవాలని ఉంది. కానీ ఆ మెట్లు ఆవిడ కాళ్ళకి తెలిసినవి. ఆ మాటలు ఒక్కొక్కటే వస్తుంటే ఒళ్ళు తనంతట తాను వాటి వెంట ఎక్కింది. ప్రేమ ఓర్చుకుంటుంది. ప్రేమ దయగా ఉంటుంది. ఊ జిలీ.

థెమెలీనా ఛాతీ ఊపిరితో నిండుగా పొంగింది. ఏళ్ళ అలవాటు, అడ్డం పడే వీలు లేకపోయింది.

అటు బల్ల వెనక నీలం బట్టల భుజాలు ఆ వెంటనే పైకి లేచాయి.

తర్వాత 'కాదు, కాదు' అన్న వరసంతా ఒకే గుక్కలో దొర్లింది. నవ్వులు ఆగిపోయాయి. అన్నీ భరిస్తుంది, అన్నీ నమ్ముతుంది అన్న చోట ఎవరో ముక్కు చీదారు. ప్రేమ ఎన్నడూ పడిపోదు అన్న ఆఖరి మాట గోపురాన్ని తాకి, అక్కడే కాసేపు నిలబడింది. దాంతోపాటు థెమెలీనా ఊపిరి కూడా అప్పుడే అయిపోయింది.

చర్చి ముంగిట్లో బల్లలు వేశారు. మేక మాంసం కళాయిలు దించుతున్నారు. సకెల్లారిస్ వెల్లుల్లి దండ పట్టుకొచ్చి, బిషప్‌కి ఆనవాయితీ వివరిస్తున్నాడు. బిషప్ పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. ఆడవాళ్ళు థెమెలీనాని ముందుకు తోశారు.

"వంచవే మెడ! ఎన్నేళ్ళు వేశావు మాకు!"

అరెతీ దండ అందుకుంది. థెమెలీనా మెడ వంచింది. ఎండు కాడలు మెడకి గుచ్చుకుంటాయని ఇంతమందికి వేసినా ఆవిడకి తెలియదు.

"నీకు ముందే తెలుసు" అంది, అరెతీకి మాత్రమే వినబడేలా.

"సకెల్లారిస్ గారు చెప్పారు. ఆ రోజు మీ దగ్గరికి వచ్చే ముందే." అరెతీ దండ ముడి వెనక సర్దుతోంది. "వచ్చి మిమ్మల్ని అడిగాను. మీరు ఇంకోలా చెప్పారు. గౌరవం ఎవరి మీద ఉంటే వాళ్ళని చూడమన్నారు. చూశాను."

"ఏది చదివావు? ఎత్తిపొడుపా, పిలుపా?"

"రాత రెండిటికీ ఒకటే అక్కా. విన్నవాళ్ళే తేల్చుకోవాలి."

"ఒసే అరెతీ" అని అరిచింది అనెజీనా బల్ల దగ్గరినుంచి, "ఈ ఊరి పద్ధతి నీకు ఇంత బాగా ఎవరు నేర్పారే?"

థెమెలీనా కళ్ళు మూసుకుంది. ఇప్పుడు చెప్తుంది. అందరి ముందూ, బిషప్ ముందూ చెప్తుంది. చెప్పే హక్కూ ఉంది.

"ఇంకెవరు? థెమెలీనా అక్కే" అంది అరెతీ. "అన్నీ తనే నేర్పింది."

"దాని దండ అదే వేయించుకుందన్నమాట!" అని ముసలమ్మ మళ్ళీ పకపకలాడింది. అందరూ తినడంలో పడ్డారు.

థెమెలీనా రొట్టెల పళ్ళెం ఎత్తుకుంది. బల్లలన్నీ తిరిగింది. కదిలినప్పుడల్లా వెల్లుల్లిపాయలు ఛాతీ మీద గలగలమన్నాయి. ఒక్కొక్కళ్ళూ ఒక్కో చురక వేశారు, ఆవిడా తిరిగి వేసింది. నవ్వులో నవ్వు కలిసిపోయింది. కానీ కడుపులోది అలాగే ఉంది. దండ వేసుకుంటే పోతుందన్న పెద్దలు ఎప్పుడూ దండ వేసుకుని ఉండరు.

ఆఖరికి అయ్యగారింటి బల్ల దగ్గరికి వచ్చింది. అరెతీ చెయ్యి చాచింది. థెమెలీనా, ముద్ర పడిన నడిమి ముక్క ఏరి ఆ చేతిలో పెట్టి, పళ్ళెం దించకుండానే నిలబడింది.

"అన్నీ ఏం నేర్పలేదు నేను. ఊపిరి దాచుకున్నాను."

"అదీ ఇచ్చారుగా. ఇందాక."

"నేనివ్వలేదు, నా ఒళ్ళు ఇచ్చింది." పళ్ళెం ఒక చేతి మీంచి ఇంకో చేతి మీదకి మార్చుకుంది. "అయినా నువ్వు ఆలస్యంగా తీసుకున్నావు. 'ఊ' కి ముందే సగం తీసుకోవాలి, 'జిలీ' తర్వాత మిగతాది. అందుకే ఆఖరి మాటలో అంచు కాస్త వణికింది. వీళ్ళకి తెలియలేదు. మా నాన్న వినుంటే మళ్ళీ చదివించేవాడు."

అరెతీ రొట్టె ముక్క పట్టుకుని వింటోంది. మంగళవారం పిండి దగ్గర కూర్చున్నప్పటి మొహమే.

"రేపు రా, పిండి కలిపే వేళకి. వంట గుడ్డ తెచ్చుకో." థెమెలీనా రెండడుగులు వేసి ఆగింది. "మంచిదాన్ని అయిపోయానని అనుకోకు. నీ మీద ఇంకా జిలేవోగానే ఉంది నాకు."

"ఏ జిలేవో అక్కా?"

"విన్నదానివి నువ్వే తేల్చుకో" అని, థెమెలీనా పళ్ళెం పట్టుకుని బిషప్ గారి బల్ల వైపు నడిచింది.